ఎడమ మోచేతి రోమన్లు

మనిషి బల్ల మీద కూర్చుని తింటే మూరెడు చోటు చాలు. లావుపాటి వాడైతే మూరా బెత్తెడు. అదే మనిషి రోమనుగా తినాలంటే నాలుగు మూరల పొడవు, రెండు మూరల వెడల్పు కావాలి. ఈ రెండు కొలతల మధ్య ఇరుక్కుని నా కొట్టు మూతపడబోయింది. ఆ సంగతి చెబుతాను.

నా పేరు కొస్మాస్. కాన్‌స్టాంటినోపుల్ నగరంలో, ధాన్యం ఓడలు ఆగే రేవు పక్కన నాకో పూటకూళ్ల కొట్టు ఉంది. పప్పు పులుసు, రొట్టె, ఉప్పు చేప. ఇరవై రెండేళ్లుగా ఇవే. కొట్టులో ఆరు బల్లలు, బల్లకు ఎనిమిది మంది, వెరసి నలభై ఎనిమిది. రేవులో మూటలు మోసే హమాలీలు మూడు వందల మంది. మధ్యాహ్నం వాళ్లకు దొరికే తీరిక ఒక్క గంట. ఆ గంటలో ఆరు పంక్తులు లేపితే రెండు వందల ఎనభై ఎనిమిది మంది తినేవారు. మిగిలిన పన్నెండు మంది గుమ్మంలో నిలబడి పులుసు తాగేసి పోయేవారు. ఈ అమరిక కుదరడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

రేవు పక్క చోటును నగరాధిపతి కచేరీ ఇస్తుంది. పూటకూళ్ల సంఘంలో సభ్యుడికే ఇస్తుంది. సభ్యుడు రోమను అయి ఉండాలి. ఈ చివరి షరతును అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు, గాలి పీల్చేవాడై ఉండాలి అన్నట్టే ఉండేది. మా తాత ఆర్మీనియా కొండల నుంచి గొర్రెలు తోలుకుంటూ వచ్చాడు. మా ఆవిడ ఆంథూసా వాళ్ల తాతను బల్గేరియా యుద్ధంలో పట్టుకుని తెచ్చారు. నేనూ రోమనునే, ఆమె కూడా రోమనే. మా వీధిలో ఎవరిని ఆపి అడిగినా "నేను రోమనుని" అంటాడు. గ్రీకులో అంటాడు, మాకు వచ్చింది అదొక్కటే కాబట్టి. అలాగని ఎవరినైనా గ్రీకు అన్నారో, అక్కడ కొట్లాటే. మా దగ్గర గ్రీకు అంటే పాతకాలంలో రాతిబొమ్మలకు మొక్కినవాడని అర్థం.

ఇలా ఉండగా పడమటి దేశపు రాజొకాయన, తానే అసలైన రోమన్ల చక్రవర్తినని చెప్పుకునేవాడు, మా చక్రవర్తికి ఉత్తరం రాశాడు. పైన "గ్రీకుల రాజుగారికి" అని ఉంది. ఉత్తరం లాటిను భాషలో ఉంది. కింద గ్రీకు తర్జుమా జతచేసి, "తమకు లాటిను రాదు కనుక" అని ఓ ముక్క రాశారు. రాజభవనంలో మొదటి మాటకన్నా ఈ రెండో ముక్కకే ఎక్కువ మంట పుట్టిందని విన్నాను. మొదటిది తిట్టు, రెండోది నిజం.

ఉత్తరం వెనకాలే రాయబారి కూడా వస్తున్నాడు. అతను వచ్చేలోగా మేము రోమన్లమని రుజువు చేయాలి. దానికోసం రోమనత్వ పరిరక్షణ సంఘం అని ఒకటి వేశారు. సంఘం నలభై రోజులు కూర్చుంది. రోము ఊరు మా చేతిలో లేదు. భాష లేదు. బట్టలు చూస్తే తూర్పుదేశాల బట్టలు. న్యాయశాస్త్రం రోముదే గానీ దాన్నీ చదవడం కష్టంగా ఉందని గ్రీకులోకి మార్చేసుకున్నాం. చివరికి సంఘంలో ఒక ముసలాయనకు రాజభవనంలోని పందొమ్మిది పాన్పుల శాల గుర్తొచ్చింది. అక్కడ క్రీస్తు పుట్టిన పండుగ పన్నెండు రోజులూ చక్రవర్తి, అతిథులు పాత రోమన్ల పద్ధతిలో మంచాల మీద వాలి, ఎడమ మోచేతి మీద ఆనుకుని తింటారు. మిగతా ఊరంతా కుర్చీలూ బల్లలూ ఎక్కి కొన్ని వందల ఏళ్లయింది. రోము నుంచి మా దగ్గర మిగిలింది ఈ ఒక్క మోచేయి.

ఉత్తర్వు పట్టుకుని మా రేవుకు వచ్చినాయన పేరు లియోంతియోస్. తనిఖీ అధికారి. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఏదో వాసన వస్తున్నట్టు ముక్కు ఎత్తి ఉంచేవాడు. నడుముకు ఓ సీసపు గుండు, దానికి దారం. గోడ నిలువుగా ఉందో లేదో చూడటానికి మేస్త్రీలు వాడేదే. నా కొట్టు మధ్యలో నిలబడి గట్టిగా చదివాడు.

"ఇందుమూలముగా రేవు ప్రాంతపు పూటకూళ్లవారికి తెలియజేయునది ఏమనగా, నేటి నుండి పదునైదు దినముల అనంతరము బహిరంగ స్థలములందు భుజించు సమస్త జనులు అర్ధశయన విధానమున, వామ కూర్పరమును ఆధారము చేసికొని భుజింపవలయును. కూర్చుండి గాని, నిలుచుండి గాని, నడచుచు గాని భుజించువారు గ్రీకులుగా పరిగణింపబడుదురు. అట్టివారిని పోషించు పూటకూళ్లవాడును గ్రీకుగా పరిగణింపబడి, సంఘ సభ్యత్వమును, స్థలమును కోల్పోవును."

చదివినదాంట్లో నాకు అర్థంకాని మాట ఒకటుంది. "దొరా, వామ కూర్పరం అంటే?" అని అడిగాను.

"ఎడమ మోచేయి," అన్నాడాయన మామూలు గొంతుతో, చుట్టూ చూసి.

హమాలీల మేస్త్రీ బర్దాస్ రొట్టె నములుతూనే అడిగాడు. వాడు నిలబడితే గుమ్మం మూసుకుపోతుంది. "పడుకుని తినాలంటారా దొరా? మా ఇంట్లో రోగమొచ్చినోడే పడుకుని తింటాడు."

"పడుకొనుట కాదు. అర్ధశయనము. పూర్తిగా పడుకొన్నవాడు రోగి. పూర్తిగా కూర్చున్నవాడు గ్రీకు. నడుమనున్నవాడు రోమను."

"మరి ఇన్నేళ్లూ మేం కూర్చునే తిన్నాం కదండీ. ఇన్నేళ్లూ ఏంటి మేం?"

లియోంతియోస్ కాగితాన్ని ముందుకూ వెనక్కీ తిప్పి చూశాడు. "దానిపై స్పష్టత రావలసియున్నది," అని వెళ్లిపోయాడు.

ఆ పూటంతా నేను నేల కొలుస్తూనే ఉన్నాను. బల్లలన్నీ తీసేస్తే పన్నెండు మంచాలు పడతాయి. పన్నెండు మంది చొప్పున మూడు వందల మంది తినాలంటే ఇరవై ఐదు పంక్తులు. వాలి తినేవాడు మామూలుగా తినడు, కబుర్లు చెబుతాడు. చివరి పంక్తివాడు మధ్యాహ్న భోజనం చేసేసరికి పొద్దు గుంకుతుంది. ఈలోగా వాళ్లు నా పక్కవీధికి పోతారు. అక్కడా మంచాలే అనుకోండి, కానీ నా ఇరవై రెండేళ్లు పోతాయి.

ఆంథూసా చేతులు నడుమున పెట్టుకుని నా వెనకే తిరుగుతోంది. "ఏవయ్యా, నేల మీదే చూస్తావేం, పైకి చూడు."

పైకి చూశాను. మా కొట్టు ఒకప్పుడు ధాన్యపు గోదాము. పైకప్పు చాలా ఎత్తు.

"ఓడల్లో ఎలా పడుకుంటారు? ఒకడి మీద ఒకడు కాదూ?" అంది.

పన్నెండు మంచాలు, నాలుగు అంతస్తులు, నలభై ఎనిమిది. వడ్రంగి వారం రోజుల్లో కట్టేశాడు. నిచ్చెనలు వేశాం. బల్లలు విప్పించి ఆ చెక్కకు ఇంకొంత కొని కలిపి మంచాలు చేయించాను. లెక్క సరిపోయింది. నాలుగో అంతస్తులో పులుసు ఒలికితే ఎక్కడికి పోతుందన్నది మాత్రం లెక్కలో వేయలేదు.

మొదటిరోజు మూడో అంతస్తుకు పోయింది. మూడో అంతస్తువాళ్లు ఉలిక్కిపడి తమది రెండో అంతస్తు మీద పోశారు. కింద పడుకున్నవాళ్లకు మాత్రం లాభం. ఒకడు తన గిన్నె తాగేకొద్దీ నిండుతోందని ఆంథూసాకు దండం పెట్టాడు. పైనుంచి బర్దాస్ అరిచాడు: "కొస్మాసన్నా! ఇక్కడ నా ముక్కు కప్పుకు తగుల్తోంది. నోరు తెరిస్తే బూజు పడతాంది. ఇది రోమా, పావురాల గూడా?"

"రోమే తమ్ముడూ. కాస్త తల వంచుకో."

మర్నాడు పులుసులో పిండి కలిపాను. ఒలకడం తగ్గింది. ఆ మర్నాడు ఇంకొంచెం కలిపాను. ఐదో రోజుకు గరిటె నిలబడింది. ఏడో రోజుకు కత్తితో కోసి పెట్టడం మొదలుపెట్టాను. హమాలీలు దానికి ఇటుక అని పేరు పెట్టి, "నాకో ఇటుక, వీడికి అర ఇటుక" అని అడిగేవారు. ఒకాయన రెండు ముక్కలు మిగుల్చుకుని ఇంటికి పట్టుకెళ్లి, ఊగుతున్న మంచం కోడు కింద పెట్టుకున్నాడని తెలిసింది. బాగానే ఆగిందట.

లియోంతియోస్ రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. ఆయన వెనక పోథోస్ అని ఓ గుమాస్తా, చంకలో చిట్టా. పోథోస్ తలెత్తి చూసేవాడు కాదు, చెవిన పడ్డది రాసేవాడు. లియోంతియోస్ నిచ్చెన ఎక్కి, ఒక్కొక్కడి భుజం దగ్గర సీసపు గుండు వేలాడదీసి, వాలు చూసేవాడు.

"ఇతడు?"

"రోమను," అనేవాడు లియోంతియోస్. పోథోస్ రాసేవాడు.

"ఇతడు?"

"కొంచెము లేచియున్నాడు. ఓయీ, వాలుము. ఇంకను. ఆ, రోమను."

"ఇతడు దొరా?"

అక్కడ బర్దాస్ నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. చేతిలో ఇటుక అలాగే ఉంది.

లియోంతియోస్ గుండు పెట్టి చాలాసేపు చూశాడు. "ఇతడు పూర్ణశయనములో నున్నాడు. భోజనము ప్రారంభించునపుడు రోమను. ఇప్పుడు రోగి. లేచి కూర్చున్నచో గ్రీకు."

"చిట్టాలో రెండే గళ్లున్నాయి దొరా, రోమను, గ్రీకు," అన్నాడు పోథోస్.

"లేపకుము. లేవనంతవరకు రోమనే."

అలా నా కొట్టులో సగం మంది హమాలీలు సాయంత్రం దాకా రోమన్లుగా నిద్రపోయేవారు.

ఇబ్బంది ఫోకాస్ దగ్గర వచ్చింది. ఫోకాస్ అరవై దాటిన మనిషి. పంతొమ్మిదేళ్లు రోమన్ సైన్యంలో ఉన్నాడు. తూర్పు సరిహద్దులో ఎడమ చెయ్యి భుజం దాకా పోయింది. ఇప్పుడు రేవులో మూటలకు ముద్ర వేస్తాడు. నిచ్చెన ఎక్కలేక కింద మంచం అంచున కూర్చుని తింటుంటే లియోంతియోస్ ఆగాడు.

"నీ వామ కూర్పరమెక్కడ?"

"సిరియాలో ఉందండి. తమరికి కావాలంటే తెప్పించుకోండి."

"పరిహాసము వలదు. ఎడమ మోచేయి లేనివాడు అర్ధశయనము ఎట్లు చేయును?"

"చెయ్యడండి. కూర్చుని తింటాడు."

"అట్లయిన గ్రీకు."

ఫోకాస్ గిన్నె కింద పెట్టాడు. "దొరా," అన్నాడు ముసలాయన నెమ్మదిగా, "ఆ చెయ్యి పోయినప్పుడు మా ఎదుటి వాళ్లు మమ్మల్ని రోమన్లనే నరికారండి. వాళ్లకు అనుమానం రాలేదు."

లియోంతియోస్ ముక్కు దించాడు. ఆయన చెడ్డమనిషి కాదు, ఆయన చేతిలో కాగితం ఉంది, అంతే. పరిరక్షణ సంఘానికి రాశాడు. పది రోజులకు జవాబుతోపాటు ఓ కొయ్య మోచేయి వచ్చింది. నున్నగా చిత్రిక పట్టి, తోలు పట్టీలు కట్టి, మీద రాజముద్ర వేశారు. దానికి ప్రభుత్వ మోచేయి అని పేరు. నిబంధనలు ఒక పేజీ. భోజనవేళ మాత్రమే ధరించవలెను. భోజనానంతరము కడిగి అప్పగించవలెను. అరిగినచో ధరించినవాడే బాధ్యుడు. ఇతరులకు ఎరువు ఇవ్వరాదు.

ఫోకాస్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఖడ్గం ఇచ్చినప్పుడు కూడా ఇన్ని నిబంధనలు లేవు," అని, అయినా కట్టుకున్నాడు. కట్టుకోకపోతే గ్రీకులను పోషించినవాడిగా నా కొట్టు పోతుంది. అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు, మేము ఆ మాట అనుకోలేదు. అతను జారిపోకుండా రోజూ ఎవరో ఒకరు వెనక నుంచి పట్టుకునేవాళ్లు. ఒక రోమను తినడానికి ఇద్దరు రోమన్లు కావాల్సి వచ్చింది.

ఊళ్లో సంగతి ఇంకా ముదిరింది. నువ్వుల రొట్టెలమ్మేవాళ్ల దగ్గర రొట్టె కొన్నవాళ్లు అక్కడే వీధిలో వాలిపోయి తినడంతో బండ్లు ఆగిపోయాయి. రొట్టె దొంగిలించి పరిగెడుతూ తింటున్న ఒకణ్ని పట్టుకుని, దొంగతనానికి మందలించి వదిలేసి, నడుస్తూ తిన్నందుకు గ్రీకుగా రాసుకున్నారు. చంటిపిల్లలు పుట్టుకతోనే వాలి తాగుతారు గనుక వాళ్లు స్వతస్సిద్ధ రోమన్లని సంఘం ప్రకటించింది. మర్నాడు, కుడివైపు వాలి తాగే పిల్లల విషయం పరిశీలనలో ఉన్నదని ఇంకో ప్రకటన. రేవులో హమాలీలు నిద్ర లేవకపోవడంతో ఆరు ధాన్యం ఓడలు దిగుమతి కాకుండా అలాగే నిలబడ్డాయి. రొట్టెలు దొరకడం తగ్గింది. తినేవాళ్లు తగ్గడంతో కూర్చుని తినేవాళ్లు కూడా తగ్గారని, గ్రీకుల సంఖ్య పడిపోయిందని సంఘం పైకి నివేదిక పంపింది.

అప్పుడు రాయబారి వచ్చాడు. లియోంతియోస్ పొద్దున్నే మా కొట్టుకు పరుగెత్తుకొచ్చాడు.

"కొస్మాస్, నీ అదృష్టము పండినది. నీ కొట్టును ఆదర్శ రోమన్ భోజనశాలగా ఎంపిక చేసితిమి. రేపు మధ్యాహ్నము రాయబారి ఇచ్చటికి విచ్చేయును. అతడు సంతుష్టుడైనచో ఈ స్థలము నీకు, నీ సంతతికి శాశ్వతము."

"సంతుష్టుడు కాకపోతే దొరా?"

ఆయన గొంతు తగ్గింది. "కాకపోతే నువ్వూ ఉండవు, నేనూ ఉండను. ఆ పులుసు కాస్త మెత్తగా చెయ్యి."

మర్నాడు నలభై ఎనిమిది మంది హమాలీలు తలస్నానాలు చేసి, నూనె రాసుకుని, నాలుగు అంతస్తుల్లో వాలి ఉన్నారు. ఫోకాస్ కింద, ప్రభుత్వ మోచేయి తళతళలాడుతోంది. రాయబారి లావుపాటి బిషప్పు. ఎండకు ఎర్రబడిన మొహం. గుమ్మంలోకి రాగానే ఆగిపోయి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు.

ఆయన వెంట వచ్చిన దుబాసీ ముందురోజు రాజభవనంలో వాలి తిని, కడుపు పట్టుకుని బసలోనే ఉండిపోయాడు. మావైపు నుంచి రాజభవనం పంపిన లాటిను పండితుడొకడు ఉన్నాడు. ఆయన పని ఏమిటంటే పండుగల్లో చక్రవర్తి ముందు పాత లాటిను జయజయధ్వానాలు పాడటం. తరతరాలుగా వాళ్ల ఇంట్లో అవి నోటికి వస్తాయి. అర్థం ఎవరూ అడగలేదు.

రాయబారి లాటినులో ఏదో అన్నాడు. పండితుడు గొంతు సవరించుకుని, "జయింతువు గాక! జయింతువు గాక!" అని లాటినులో పాడాడు.

రాయబారి విస్తుపోయి మళ్లీ అన్నాడు, ఈసారి నెమ్మదిగా. పండితుడు, "బహు సంవత్సరములు! బహు సంవత్సరములు!" అన్నాడు. అంతకుమించి ఆయన దగ్గర సరుకు లేదు.

రోమన్ల రాజధానిలో, నలభై ఎనిమిది మంది తనిఖీ అయిన రోమన్ల మధ్య, రోమన్ల భాష తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. అది నేను. పడమట ఇటలీ తీరాన ఉన్న అమాల్ఫి నుంచి వచ్చే పడవవాళ్ల దగ్గర ఉప్పు చేప కొని కొని వాళ్ల మాట నాకు పట్టుబడింది. లాటినుకు అది మేనల్లుడి వరస. రాయబారి అన్నది నాకు ముక్క ముక్కా అర్థమైంది.

ఆయన పగలబడి నవ్వుతూ అంటున్నాడు: "ఇదా మీ రుజువు? వాలి తినడం రోమన్లు గ్రీకుల దగ్గరే నేర్చుకున్నారయ్యా! అంతకుముందు రోములో అందరూ బల్లల మీద కూర్చునే తిన్నారు. మా పిల్లలు బడిలో చదువుకుంటారు ఇది. గ్రీకులని మా రాజు ఊరికే రాశాడు, మీరు నలభై ఎనిమిది మందిని సాక్ష్యం తెచ్చి నిలబెట్టారు. కాదు, పడుకోబెట్టారు!"

"ఏమనుచున్నాడు? ఎందుకు నవ్వుచున్నాడు?" లియోంతియోస్ మొహం పాలిపోయింది. పండితుడివైపు చూశాడు. పండితుడు కప్పువైపు చూశాడు. "కొస్మాస్, నీవు ఏదో అర్థమైనవానివలె తల ఊపితివి. నీకు ఈ భాష వచ్చునా?"

"చేపల బేరం వరకూ వచ్చు దొరా."

"చెప్పు. చెప్పవయ్యా!"

నేను గరిటె పట్టుకుని లెక్క వేసుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెబితే, వాలి తిన్నవాడే గ్రీకు. ఎవరెవరు వాలి తిన్నారో, ఎన్నిసార్లు తిన్నారో, ఎంత వాలారో పోథోస్ చిట్టాలో పేరుపేరునా ఉంది, కింద లియోంతియోస్ సంతకం ఉంది. ఊరు మొత్తంలో నాకంటే ఎక్కువ మందిని గ్రీకులను చేసినవాడు ఇంకొకడు లేడు. కొట్టు ఆ పూటే పోతుంది. అసలు ఏమీ చెప్పకపోతే మంచాలు ఉంటాయి, ఇటుకలు ఉంటాయి, ఓడలు ఆగి ఉంటాయి, ఇంకో నెలకు కొట్టు ఎలాగూ పోతుంది. పై రెండూ కాక మూడోది ఒకటి కావాలి.

"దొరా," అన్నాను, "ఆయన తమరిని అవమానిస్తూ నవ్వుతున్నాడు."

"అవమానమా? ఎందుకు?"

"వాళ్ల రోములో వాలి తినేది గొప్పవాళ్లేనట. సభల్లో కూర్చునే పెద్దలు, సేనాధిపతులు. హమాలీలు, అంగడివాళ్లు అందరూ బల్లల మీద కూర్చునేవాళ్లట. ఇక్కడ మూటలు మోసేవాళ్లు కూడా వాలి తింటున్నారు కదా, మరి మీలాంటి పెద్ద అధికారి ఎలా తింటాడు, ఆయనకూ హమాలీకీ తేడా ఎలా తెలుస్తుంది అని అడుగుతున్నాడు."

లియోంతియోస్ నెమ్మదిగా తల తిప్పి నాలుగో అంతస్తువైపు చూశాడు. అక్కడి నుంచి బర్దాస్ కాలు ఒకటి కిందికి వేలాడుతోంది, సరిగ్గా ఆయన తలకు రెండు బెత్తెల పైన.

"అనగా," అన్నాడాయన, "వీడూ నేనూ ఒకటేనని ఆ బిషప్పు తలంచుచున్నాడా?"

"పైన ఉన్నాడు గనుక వాడే ఒక మెట్టు ఎక్కువ అనుకుంటున్నాడు దొరా."

పైనుంచి బర్దాస్, "నాకేం పట్టింపు లేదన్నా, చెప్పు," అన్నాడు.

ఈలోగా రాయబారికి కాళ్లు నొప్పి పుట్టాయి. చుట్టూ చూసి, నిచ్చెన పక్కన బోర్లించి ఉన్న గంప మీద కూర్చుని, పులుసు ఏదీ అన్నట్టు చేయి చాపాడు. ఆంథూసా పల్చటిది ఒక గిన్నె దాచి ఉంచింది, అది ఇచ్చింది. ఆయన కూర్చునే తాగాడు.

"కూర్చుండి త్రాగుచున్నాడు!" అన్నాడు లియోంతియోస్. పోథోస్ తలెత్తకుండానే గ్రీకు అని రాయబోయాడు.

"ఆగండి, ఆగండి," అన్నాను. "తమరి ముందు వాలి తినే అర్హత తనకు లేదంటున్నాడు దొరా."

ఆ మాటతో లియోంతియోస్ రెండంగుళాలు పెరిగాడు. రాయబారి గిన్నె తుడుచుకుని, ఆంథూసావైపు చూసి లాటినులో ఏదో అన్నాడు. అది మాత్రం నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను, పులుసు బాగుందన్నాడు. పండితుడు "బహు సంవత్సరములు" అని సాగనంపాడు.

నాలుగు రోజుల్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. లియోంతియోస్ కొత్త అంగీలో వచ్చి చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, అర్ధశయన భోజనము సామ్రాజ్యపు ఉన్నతాధికారుల విశేష గౌరవము. సామాన్యులు ప్రాచీన రోమన్ సంప్రదాయము ననుసరించి బల్లలపై కూర్చుండి భుజింపవలయును. వాలి భుజించు సామాన్యుడు అధికారి వేషము ధరించినవానిగా శిక్షార్హుడు. రోగులు మంచముపై భుజించుటకు ముందుగా అనుమతి పొందవలయును. పై గౌరవము పొందిన అధికారులు ఇంటనైనను, బయటనైనను ఇతర భంగిమలో భుజింపరాదు. ప్రతి పూటకూళ్ల కొట్టునందు అధికారుల నిమిత్తము ఒక శయనము సిద్ధముగా నుంచవలయును."

నేను మంచాలు విప్పించి మళ్లీ బల్లలు చేయించాను. ఫోకాస్ కొయ్య మోచేతిని కడిగి, తుడిచి, పట్టీలు మడిచి కచేరీలో అప్పగించి వచ్చాడు. రసీదు ఇచ్చారట, "మోచేయి ఒకటి, మంచి స్థితిలో ముట్టినది" అని. నలభై ఎనిమిది మంది, ఆరు పంక్తులు, గుమ్మంలో పన్నెండు మంది. ఓడలు కదిలాయి. పిండి కలపడం మానేసినందుకు హమాలీల్లో కొందరు అలిగారు, ఇటుక అలవాటైపోయిందట. ఆదర్శ భోజనశాల గనుక చోటు మాకు శాశ్వతం చేశారు. కొట్టు ముందర, దారిన పోయేవాళ్లకు కనబడేలా అధికారుల మంచం వేసి పట్టుబట్ట పరిచాను.

లియోంతియోస్‌కు పదోన్నతి వచ్చింది. మొదటి నెల రోజూ వచ్చి ఆ మంచం మీద వాలి, వీధిలో వాళ్లను చూస్తూ తిన్నాడు. రెండో నెల రోజు విడిచి రోజు వచ్చాడు. గిన్నెలో సగం వదిలేసేవాడు. మోచేయి కాయలు కాచిందని ఆంథూసా చూసి చెప్పింది. మూడో నెల రావడం మానేశాడు.

నాలుగో నెలలో ఓ మధ్యాహ్నం, మూడో పంక్తి నడుస్తుండగా, వెనక తలుపు నుంచి ఒకాయన లోపలికి వచ్చాడు. నెత్తిన గోనెసంచి ముసుగు. హమాలీ వేషమే గానీ గోనె మీద ఒక్క పిండి మరక లేదు. వచ్చి బల్ల చివర ఫోకాస్ పక్కన సర్దుకుని కూర్చున్నాడు.

"కొస్మాస్, ఒక గిన్నె. పల్చగా."

గొంతు గుర్తుపట్టాను. "దొరా, ముందర తమరి మంచం వేసే ఉంది."

"ఆ మంచం తీసుకెళ్లి సముద్రంలో పారెయ్. మూడు నెలలైంది నాకు తిన్నది అరిగి. గొంతు దాకా వచ్చి అక్కడే ఆగుతోంది. ఇంట్లో కూడా వాలే తినాలి, మా ఆవిడ నాకన్నా నియమం పాటించే మనిషి, కూర్చుంటే చిట్టాలో రాస్తానంటోంది."

"మరి నేను ఏమని రాసుకోను దొరా? కూర్చుని తినే అధికారికి గడి లేదు."

ఆయన ముసుగు కింద నుంచి అటూ ఇటూ చూశాడు. పోథోస్ లేడు. "గ్రీకు అని రాసుకో," అన్నాడు. "పొయ్యవయ్యా తొందరగా!"

బర్దాస్ అప్పుడే బయటికి వెళ్తున్నవాడు ఆగి, ఆయన్ను ఓసారి చూసి, బల్ల మీద ఉన్న ఏడుగురినీ, "జరగండ్రా, జరగండి, గ్రీకాయనకు చోటివ్వండి," అని అదిలించాడు. అందరూ జరిగారు. ఫోకాస్ తన రొట్టెలో సగం తుంపి ఆయన గిన్నె పక్కన పెట్టాడు.

ఆయన రెండు గిన్నెలు తాగాడు. గిన్నె అడుగు రొట్టెతో తుడుచుకుని తిన్నాడు. తర్వాత గోనె తీసి మడిచి చంకలో పెట్టుకుని, అంగీ సవరించుకుని, ముక్కు ఎత్తి, ముందు గుమ్మం గుండా రోమనుగా బయటికి నడిచాడు.

మర్నాడు అదే వేళకు వెనక తలుపు నుంచి నలుగురు గ్రీకులు వచ్చారు. అందరిలోకీ వెనకాల ఉన్న ముసలాయన రోమనత్వ పరిరక్షణ సంఘం అధ్యక్షుడు. మూడో రోజు పదకొండు మంది. పన్నెండో రోజుకు వాళ్ల వరస పెరడు దాటి సందులోకి వచ్చింది, హమాలీలు లోపలికి రావడానికి దారి లేదు. నేను వడ్రంగిని పిలిపించి, వెనకవైపు గోడ పడగొట్టి ఇంకో రెండు బల్లలు వేయమన్నాను.